విమానం ఎక్కే ముందు బర్గర్ తింటే కడుపు ఎందుకు ఉబ్బుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పుర్. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు ప్రయాణమంటే పులిహోర పొట్లంతో రైలెక్కడమే. 2021 మార్చి 1న ఇక్కడి నుంచి దిల్లీకి విమాన సర్వీసులు మొదలయ్యాయి. పెద్ద విమానాశ్రయాల్లో విమానం మారే వేళ ఎదురుగా కనిపించేది చాలాసార్లు బర్గర్, కూల్‌డ్రింక్‌లే.

రైల్లో ఇబ్బంది పెట్టని తిండి విమానంలో ఎందుకు ఇబ్బంది పెడుతుంది?

విమానం ఎంతో ఎత్తున ఎగురుతున్నప్పుడు దాని లోపలి గాలి పీడనం, 6 నుంచి 8 వేల అడుగుల కొండపై ఉండే పీడనంతో సమానం. పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది. పేగుల్లోని వాయువు పరిమాణం నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెరగవచ్చు. కూల్‌డ్రింక్ అదనపు వాయువును చేరుస్తుంది. బర్గర్, వేపుళ్లలోని కొవ్వు వల్ల జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. ఉప్పు దాహాన్ని పెంచుతుంది. విమానంలోని పొడి గాలి దానికి తోడవుతుంది.

అలాగని ఆకలితో ఎక్కనక్కర్లేదు. మితంగా తిని, మంచినీళ్లు తాగితే చాలు. ఇంటి ఇడ్లీ, పులిహోర వంటివాటిని దేశీయ విమానాల్లో సాధారణంగా అనుమతిస్తారు.

ఇటీవల కడుపుకు శస్త్రచికిత్స జరిగినవారికి మాత్రం ఈ వ్యాకోచం ప్రమాదకరం కావచ్చు. వారు వైద్యుల సలహా తీసుకున్నాకే ప్రయాణించాలి.