ముక్క లెక్క తెలిస్తే... డబ్బులొస్తాయా?

పేకముక్కల్ని లెక్కపెట్టి క్యాసినోని ఓడించొచ్చన్నది కట్టుకథ కాదు. గణితం ఎప్పుడో నిరూపించింది. మరి మాదాపూర్ కుర్రాడు ఆ లెక్క నేర్చుకుని గోవా వెళ్తే జేబు నిండుతుందా?

ప్లస్ ఒకటి... ప్లస్ రెండు... మళ్లీ ప్లస్ ఒకటి... సున్నా... మైనస్ ఒకటి!

కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ హాస్టల్ గదిలోనైనా ఓ కుర్రాడు పేకకట్ట ముందేసుకుని ఇలా గొణుక్కుంటుంటే కంగారుపడకండి. 'కార్డ్ కౌంటింగ్' సాధన చేస్తున్నాడన్నమాట. 2008లో వచ్చిన '21' అనే హాలీవుడ్ సినిమా చూశాడో, యూట్యూబ్‌లో పాఠాలు విన్నాడో... మొత్తానికి ఒక ఆలోచన బుర్రలో దూరింది. పొద్దున్నుంచీ రాత్రిదాకా ఆఫీసులో చేసేది లెక్కలే. అవే లెక్కలు పేక మీద వేస్తే నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు కదా అని!

తెలంగాణలో డబ్బు పెట్టి ఇలాంటి ఆట ఆడితే నేరం. దేశంలో లైసెన్సుతో క్యాసినోలు నడుస్తున్నది గోవా, సిక్కింలలోనే. శంషాబాద్‌లో విమానమెక్కితే గంటన్నరలోపే గోవా. అక్కడ మాండవి నదిలో లంగరేసిన ఓడలు... ఓడల్లో క్యాసినోలు... వాటిలో బ్లాక్‌జాక్ బల్లలు.

గుర్రప్పందెం కాదు, లాటరీ కాదు, ఈ ఆటే ఎందుకు? దానికో కారణం ఉంది.

పోయిన ముక్క తిరిగి రాదు

బ్లాక్‌జాక్ నేర్చుకోవడం రమ్మీ కన్నా తేలిక. చేతిలో ముక్కల మొత్తం 21 దాటకూడదు, డీలర్ మొత్తం కన్నా ఎక్కువ ఉండాలి. జాకీ, రాణి, రాజు... మూడింటికీ పదే విలువ. ఆసును ఒకటిగానైనా, పదకొండుగానైనా వాడుకోవచ్చు. ఆటగాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగిపోవచ్చు. డీలర్‌కి ఆ స్వేచ్ఛ లేదు. 17 వచ్చేదాకా ముక్క తీయాల్సిందే. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువున్న ముక్క పడితే అదే బ్లాక్‌జాక్. పాత పద్ధతిలో వెయ్యి రూపాయల పందేనికి పదిహేను వందలు వస్తాయి.

పాచికలకు జ్ఞాపకశక్తి ఉండదు. ఇంతకుముందు ఆరు పడిందా, ఒకటి పడిందా అన్నదానితో వచ్చే పందేనికి సంబంధం లేదు. పేక అలా కాదు. పంచేసిన ముక్క మళ్లీ కలిపేదాకా కట్టలోకి రాదు. చిన్న ముక్కలు ఎక్కువగా వెళ్లిపోయాయంటే మిగిలిన కట్టలో ఆసులు, పదులు చిక్కగా ఉన్నట్లే. అప్పుడు బ్లాక్‌జాక్‌లు ఎక్కువ పడతాయి. అవి డీలర్‌కీ అన్నే పడతాయి కానీ ఒకటిన్నర రెట్లు వచ్చేది ఆటగాడికే. పైగా పదహారు దగ్గర ఇరుక్కున్న డీలర్ తప్పనిసరిగా ముక్క తీసి 21 దాటిపోయే అవకాశం పెరుగుతుంది.

లెక్కంతా దీన్ని కనిపెట్టడానికే. రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క పడినా ప్లస్ ఒకటి. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి సున్నా. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే మైనస్ ఒకటి. క్యాసినోల్లో సాధారణంగా ఆరు కట్టలు కలిపి, అంటే 312 ముక్కలతో ఆడిస్తారు. కాబట్టి వచ్చిన లెక్కని మిగిలిన కట్టల సంఖ్యతో భాగించాలి. లెక్క ప్లస్ ఎనిమిది దగ్గరుంది, ఇంకా నాలుగు కట్టలు మిగిలాయి అనుకుంటే అసలు లెక్క ప్లస్ రెండు. ఈ అసలు లెక్క ఒక్కటి పెరిగినప్పుడల్లా ఆటగాడి వైపు సుమారు అర శాతం మొగ్గుతుంది. మొగ్గినప్పుడు పందెం పెంచాలి. లేనప్పుడు తగ్గించాలి. అంతే! ఇందులో రహస్యమేమీ లేదు. ఆరో తరగతి పిల్లాడికి వచ్చే కూడికలూ తీసివేతలే.

ప్రొఫెసర్ గారి పుస్తకం

ఈ దారి వేసినవాళ్లు జూదరులు కాదు. 1956లో అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు ఈ ఆటలో ఏ చేతికి ఏం చేయాలో లెక్కగట్టి, గణాంకశాస్త్ర పత్రికలో వ్యాసం రాశారు. వాళ్ల దగ్గరున్నవి బల్లమీద పెట్టుకునే లెక్కల యంత్రాలు మాత్రమే. ఆ వ్యాసం చదివిన ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితాచార్యుడు ఎంఐటీలో ఉన్న ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఇంకా లోతుకు వెళ్లాడు. 1961లో ఇద్దరు ధనవంతులిచ్చిన పదివేల డాలర్లతో రీనో వెళ్లి, దాదాపు పదకొండు వేలు గెలిచి చూపించాడు. మర్నాటి సంవత్సరం 'బీట్ ద డీలర్' పేరుతో పుస్తకం తెచ్చాడు.

క్యాసినోలు హడలిపోయాయి. 1964లో లాస్ వెగాస్ యాజమాన్యాలు నిబంధనలు బిగించాయి. జనం బల్లల దగ్గరికి రావడం మానేసేసరికి మళ్లీ సడలించాయి. చిత్రమేంటంటే, పుస్తకం వచ్చాక బ్లాక్‌జాక్‌కి గిరాకీ ఇంకా పెరిగింది. గెలిచే దారి ఉందని తెలిసి వేలమంది వచ్చారు. ఆ దారిలో చివరిదాకా నడవగలిగినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్ల డబ్బు ఎక్కడికి వెళ్లిందో చెప్పక్కర్లేదు!

'21' సినిమాకి మూలమైన ఎంఐటీ విద్యార్థుల బృందాలు 1980 ప్రాంతం నుంచి ఆడాయి, గెలిచాయి. సినిమా చూసినవాళ్లు సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. అదో వ్యాపారంలా నడిచింది. పెట్టుబడిదారులున్నారు, శిక్షణ ఉంది, పరీక్షలున్నాయి. తప్పుల్లేకుండా ఆడగలనని నిరూపించుకున్నాకే బృందం డబ్బు చేతికిచ్చేవారు. ఒకడి నష్టాన్ని ఇంకొకడి లాభం పూడ్చేది. ఒంటరిగా ఓ శుక్రవారం విమానమెక్కే కుర్రాడికి ఈ దన్నేదీ ఉండదు.

ఎక్సెల్ షీటులో వేసి చూస్తే

సరే, మనవాడు బాగా సాధన చేశాడనుకుందాం. తప్పే చేయడు. సగటున ఒక్క శాతం మొగ్గు సంపాదించాడు. చెయ్యికి వెయ్యి రూపాయల చొప్పున గంటకి 80 చేతులు ఆడతాడు. గంటకి 80 వేల పందెం... అందులో ఒక శాతం, అంటే 800 రూపాయలు. ఇది సగటు మాత్రమే. అదే గంటలో పదివేలు అటో ఇటో ఊగడం మామూలు విషయం.

పది గంటలు ఆడితే సగటు లాభం 8 వేలు. ఊగిసలాట 32 వేల పైమాట. అంటే, ఏ తప్పూ చేయకుండా పది గంటలు ఆడినా నష్టంతో లేచే అవకాశం నూటికి 40. వంద గంటలాడినా నూటికి 20 పైనే. వెయ్యి గంటలాడితేగానీ ఆ భయం నూటికి ఒకటి లోపుకి దిగదు. వెయ్యి గంటలంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున 125 రోజులు. ఉద్యోగానికి ఏడాదిలో వచ్చే సెలవులెన్నో మీకు తెలిసిందే.

లక్ష రూపాయలతో మొదలుపెడితే? లెక్కంతా తెలిసినవాడికి కూడా ఆ లక్షా ఊడ్చుకుపోయే అవకాశం ఐదింట ఒకటి. మొగ్గు ఒక శాతం కాకుండా అర శాతమే దొరికితే దాదాపు సగానికి సగం. ఇదంతా పందెం మార్చకుండా ఆడితే. నిజానికి లెక్కపెట్టేవాడు పందెం పెంచుతూ తగ్గిస్తూ ఉంటాడు కాబట్టి ఊగిసలాట ఇంకా ఎక్కువ.

ఇక కొత్తవాడి సంగతి! ముక్కలు లెక్కపెట్టకపోయినా ఏ చేతికి ఏం చేయాలో పట్టిక మొత్తం బట్టీ పట్టినవాడి మీద క్యాసినోకి ఉండే మొగ్గు సుమారు అర శాతం. ఊహతో ఆడేవాడి మీద అది రెండు శాతం దాకా వెళ్తుంది. గంటకి 1,600 రూపాయలు పోతాయన్నమాట. పక్కన సంగీతం, ఎదురుగా డీలర్ వేగం, పైన కెమెరాలు... వాటి మధ్య ప్లస్సులూ మైనస్సులూ తప్పకుండా ఉండాలి. లెక్కలో రెండు తప్పులు దొర్లితే కష్టపడి తెచ్చుకున్న ఒక శాతం ఎటు పోయిందో కూడా తెలియదు.

క్యాసినోలూ ఊరుకోలేదు. చాలాచోట్ల కట్టలో సగం ముక్కలు కాగానే మళ్లీ కలిపేస్తారు. ఆడుతుండగానే ముక్కల్ని ఎప్పటికప్పుడు కలిపేసే యంత్రాలు వచ్చాయి. వాటి ముందు ఏ లెక్కా పనిచేయదు. బ్లాక్‌జాక్‌కి పదిహేను వందలకు బదులు పన్నెండు వందలే ఇచ్చే బల్లలు వచ్చాయి. ఆ ఒక్క మార్పుతోనే క్యాసినో వాటా సుమారు 1.4 శాతం పెరుగుతుంది. మనవాడి ఒక్క శాతమూ అక్కడే హరీ!

సినిమాలో లేని పన్ను

ఇప్పుడు మన దేశానికే చెందిన చిక్కు. పేకాటలో గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం. ఇక్కడ పోయింది కదా, అక్కడ వచ్చిందాంట్లో తగ్గించుకుంటానంటే కుదరదు. నష్టాన్ని చూపించే వీల్లేదు.

పది గంటల చొప్పున పదిసార్లు ఆడాడనుకుందాం. గెలిచిన రోజుల్లో వచ్చింది సగటున 1,73,000. ఓడిన రోజుల్లో పోయింది 93,000. మిగిలింది 80 వేలు. ఒక్కోసారి గెలుపును విడివిడిగా చూస్తే పన్ను పడేది 80 వేల మీద కాదు, 1,73,000 మీద. సుమారు 52 వేలు! చేతిలో మిగిలేది 28 వేలు. అందులోంచే పదిసార్లు విమానం టిక్కెట్లు, హోటల్ గదులు.

దీనికి తోడు 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోలో చిప్స్ కొన్న సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. ఒక్క శాతం కోసం తపస్సు చేసేవాడి నెత్తిన 40 శాతం బండ! ఆ భారంలో క్యాసినో ఎంత మోస్తుంది, ఆటగాడి మీద ఎంత వేస్తుంది అన్నది వేరే సంగతి. ఎంతో కొంత పడిందా... ప్రొఫెసర్ థోర్ప్ స్వయంగా వచ్చి కూర్చున్నా గట్టెక్కడం కష్టమే.

సికింద్రాబాద్ క్లబ్బులో ఓ మే నెల

ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం నైపుణ్యమేనని మన దేశంలో అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకుంది. ఆ కేసు పుట్టింది మన జంటనగరాల్లోనే. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. దానికి 35 ఏళ్ల ముందు, 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని నిజాం కాలంనాటి జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది.

1967 నవంబరులో తీర్పు రాసింది జస్టిస్ హిదయతుల్లా. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదన్నారు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేనన్నారు. పెళ్లివారిళ్లలో పేకాడే పెద్దాయన 'ఇస్పేటు ఏడు అప్పుడే దిగిందిగా' అనడం వినే ఉంటారు. ఆయన చేస్తున్నదీ కౌంటింగే!

ఈ తీర్పుని ఆ తరవాత ఆన్‌లైన్ రమ్మీ వాళ్లు జెండాలా ఎగరేశారు. అందులోనే ఉన్న రెండో మాట మాత్రం ఎవరూ పెద్దగా చెప్పలేదు. ఆటగాళ్ల దగ్గర క్లబ్బు తీసుకున్న చిన్నపాటి రుసుముని కోర్టు తప్పుపట్టలేదు. అయితే ఆట నడిపే యజమాని దానిమీద లాభం చేసుకుంటున్నట్లు రుజువైతే నేరం కావచ్చునని చెప్పింది. ఆటగాడి నైపుణ్యం ఒక ప్రశ్న, ఆడించేవాడి వాటా ఇంకో ప్రశ్న.

ఫోనులో రమ్మీ వచ్చాక ఈ రెండో ప్రశ్నే పెద్దదైంది. పందెం సొమ్ములో ప్రతి ఆటకీ కంపెనీ కొంత కోసుకుంటుంది. ఆడేవాళ్లలో ఒకడు గెలిచేది మిగతావాళ్లు పోగొట్టుకున్నదే. అందులోంచి కోత పోతే అందరికీ కలిపి మిగిలేది నష్టమే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్లకు శిక్ష లేదు.

విదేశీ సైట్లలో బ్లాక్‌జాక్ ఆడి లెక్క ప్రయోగిస్తానంటే అదీ వృథానే. ప్రోగ్రామ్‌తో నడిచే ఆటలో ప్రతి చేతికీ కట్ట కొత్తగా కలిసిపోతుంది. పోయిన ముక్క మళ్లీ వచ్చేస్తుంటే ఇక లెక్కపెట్టడానికేముంది? ఈ సంగతి అందరికన్నా ముందు అర్థం కావాల్సింది సాఫ్ట్‌వేర్ వాళ్లకే.

విద్య మీద మోజు తీరకపోతే ఇంట్లోనే, పైసా లేకుండా సాధన చేయొచ్చు. ఒక కట్టలో రెండు నుంచి ఆరు దాకా ముక్కలు 20. పది నుంచి ఆసు దాకా మరో 20. సున్నాలు 12. కాబట్టి 52 ముక్కలూ దింపేసరికి లెక్క సరిగ్గా సున్నా దగ్గరకి రావాలి. అరనిమిషంలో తప్పులేకుండా దింపగలిగితే చెయ్యి తిరిగినట్లే. పిల్లలతో ఆడాలంటే ఒక ముక్కని చూడకుండా పక్కన బోర్లా పెట్టి మిగతా 51 లెక్కపెట్టమనండి. చివరికి ప్లస్ ఒకటి వచ్చిందా... బోర్లా ఉన్నది పదో, బొమ్మో, ఆసో. మైనస్ ఒకటైతే చిన్న ముక్క. సున్నా వస్తే ఏడో, ఎనిమిదో, తొమ్మిదో. తిప్పి చూడమనండి!