ఫ్యాక్సు ప్రతిని చదువు యంత్రము: అంకెల విషయమున జాగ్రత్త

సహకార సంఘములకు వచ్చు కాగితములలో ధరల పట్టికలు, మందుల మోతాదులు, బాకీల లెక్కలు ముఖ్యమైనవి. ఇట్టి కాగితము ఫ్యాక్సు మూలమున వచ్చినచో, గుమాస్తా మరల వ్రాయనక్కరలేకుండ కంప్యూటరే దానిని చదివి, దిద్దుటకు వీలగు అక్షరములుగా మార్చు పద్ధతి యొకటి కలదు. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు లెక్కలు ఏర్పరచు పథకమును భారత ప్రభుత్వము 2022లో అంగీకరించినది. కావున ఈ పద్ధతిలోని మేలును, కీడును సభ్యులెల్లరు నెరుగుట మంచిది.

తంతిమీద చిత్రమును పంపు యంత్రమునకు అలెగ్జాండర్ బెయిన్ అను స్కాట్లండు దేశస్థుడు 1843లోనే పేటెంటు పొందెను. నేటి ఫ్యాక్సులకు మూలమగు అంతర్జాతీయ నియమములు 1980లో ఏర్పడినవి. పంపు యంత్రము కాగితమును సన్నని వరుసలుగా చూచి, ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో మాత్రమే తెలుపును. కావున మనకు చేరునది అక్షరములు కావు. చుక్కలతో కూర్చిన బొమ్మ. దానిలో ఒక మాటను వెదకుటకు గాని, దిద్దుటకు గాని వీలులేదు.

ఆ బొమ్మ కంప్యూటరులో నొక ఫోల్డరున చేరగానే, చదువు సాధనము దానిని తీసికొని, వంకరను సరిచేసి, మచ్చలను తుడిచి, పంక్తులను మాటలను విడదీసి, ఒక్కొక్క ఆకారము ఏ యక్షరమును పోలియున్నదో నిర్ణయించును. టెస్సరాక్టు అను నట్టి సాధనము 2005 నుండి ఉచితముగా లభించుచున్నది. నేడది తెలుగును గూడ చదువును.

అయితే సామాన్యపు ఫ్యాక్సులో మిల్లీమీటరు ఎత్తునకు సుమారు 4 వరుసలే యుండును. 3 మిల్లీమీటర్ల అక్షరమునకు 12 వరుసలే దక్కును. ద, ధ, థలను వేరుచేయు చిన్న గీతయు, చుక్కయు నందు నిలుచుట కష్టము. మాట చెడినచో నిఘంటువు సాయముచే యంత్రమైనను, సందర్భముచే చదువరియైనను సరిదిద్దగలరు. అంకెలకు నిఘంటువు లేదు. 3 అనునది 8 అయినను, 1.5లోని చుక్క పోయి 15 అయినను, కాగితము చూచుటకు నిర్దోషముగానే యుండును. లీటరు నీటికి 1.5 మి.లీ. కలుపవలసిన మందును 15 మి.లీ. కలిపిన రైతునకు పైరు దక్కునా? 3,000 రూపాయల బాకీ 8,000గా పడిన సభ్యుని గతి యేమి?

కావున మేము సంఘముల వారికి చెప్పునది యిది:

1. పంపువారిని పెద్ద అచ్చు అక్షరములతో, 'ఫైన్' రకమున పంపుమని కోరవలెను. అందు వరుసలు రెట్టింపగును. ఈమెయిలున అక్షరములనే పంపగలిగినచో ఈ శ్రమయే లేదు.

2. ఒకరు ఫ్యాక్సు ప్రతిలోని అంకెలను బిగ్గరగా చదువుచుండ, మరియొకరు మార్చిన ప్రతిలో సరిచూడవలెను.

3. పట్టికలోని పద్దులను కూడి, మొత్తముతో పోల్చవలెను.

4. మూలపు బొమ్మను చెరపరాదు. వేడిచే అచ్చుపడు ఫ్యాక్సు కాగితము కాలక్రమమున వెలిసిపోవును గనుక వెంటనే నకలు తీయవలెను.

యంత్రము నూర్చిన ధాన్యమునైనను తూర్పారబట్టి కొలువక గాదెలో పోయు రైతు లేడు. యంత్రము చదివిన లెక్కయు నట్టిదే. తన పేర పడిన పద్దును మూలప్రతితో సరిచూపుమని యడుగుటకు ఏ సభ్యుడును సంకోచింపవలదు.