స్లాబు ఇల్లు కట్టినంక మా బాపమ్మ కొట్టంలో పడుకుంది – ఎండకాలం చల్లగుండే ఇల్లు ఎట్ల కట్టుకోవాలి?

పోయిన వీడియోలో మా విత్తనాల గదిలో నిలబడి దేశీ వరి గురించి చెప్పిన. విత్తనాల సంగతి అడిగినోళ్ల కన్నా "అన్నా, ఏసీ లేకుండ ఆ గది గంత చల్లగ ఎట్లుంది?" అని అడిగినోళ్లే ఎక్కువ. ఈ వారం వీడియోలో ఆ గది గోడ, కప్పు దగ్గర నుంచి చూపించిన. వీడియోలో చెప్పడానికి టైం చాలని లెక్కలు, నేను చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్న.

మా ఊరు వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో ఉంటుంది. 2016లో తాతలనాటి గూనపెంకుటిల్లు కూలగొట్టి స్లాబు ఇల్లు కట్టినం. సోకు కోసం కాదు, కోతుల బాధ పడలేక. పొద్దున గూన సదిరితే సాయంత్రానికి మళ్లా పీకి పడేసేవి, వాన పడితే ఇల్లంతా కురిసేది. మన దిక్కు గూన ఇండ్లు పోవడానికి సగం కారణం కోతులే అని నా నమ్మకం. పాత ఇండ్లను మెచ్చుకునే పుస్తకాల్లో ఈ ముక్క కనపడదు.

కొత్తింట్లో మొదటి ఎండకాలమే మా బాపమ్మ నులక మంచం తీసుకపోయి పశువుల కొట్టంలో వేసుకుంది. "ఈ డబ్బాల పానం ఉడికిపోతాంది బిడ్డా, నేను ఆవుల కాడ పండుకుంట" అన్నది. లక్షలు పోసి కట్టింది ముసలామెను కొట్టంలకు తోలడానికా అని ఊర్లోవాళ్లు నవ్విండ్రు. అదే ఏడు నేను మేడమీది గదిలో దాచిన నవార, బహురూపి విత్తనాలు కూడా దెబ్బతిన్నయి. జూన్‌లో నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి చూస్తే సగం కూడా మొలవలేదు. విత్తనం ఉన్న చోట వేడి 5 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని డిప్లొమాలో చదువుకున్నదే. పరీక్షకు రాసిన, ఇంటికి వర్తింపజేయలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే ఒకసారి సూర్యుడి దారి చూడాలి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 12, 13 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం ఎండ మనకు సరిగ్గా నెత్తిమీద ఉంటుంది, నిలువు గుంజకు నీడ పడదు. మళ్లా జూలై ఆఖరున అట్లనే వస్తుంది. అంటే మనకు ఎండలు మండే రోజుల్లో మధ్యాహ్నపు ఎండ గోడలకు తగిలేది తక్కువ, కప్పుకు తగిలేది ఎక్కువ. చాలామంది ఇల్లు వేడిగ ఉందని గోడలకు రంగులు మారుస్తరు, కిటికీలకు తెరలు కడుతరు. వేడి మాత్రం పైనుంచి దిగుతుంది.

ఐదంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దంతా ఎండను తాగుతుంది. ఆ వేడి కింది ముఖానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. మనం పొలం నుంచి వచ్చి, తిని, నడుం వాల్చే టైంకు అది లోపలికి దిగడం మొదలుపెడుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్టూలు ఎక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూడండి, పెంక మీద రొట్టె కాల్చుకోవచ్చు అనిపిస్తుంది. ఆ టైంలో ఫ్యాన్ వేస్తే స్లాబు కింది వేడిగాలినే మన మీదికి తోస్తది. బయట వాకిట్ల చల్లబడ్డా లోపల ఉడకడానికి కారణం ఇది.

మా కొట్టానికి వరిగడ్డి కప్పు. గడ్డిలో నిండా గాలి ఉంటుంది, గాలి వేడిని తొందరగా పోనియ్యదు. పైగా రాత్రికి దాచిపెట్టుకునే బరువు ఆ కప్పుకు లేదు, పొద్దు గూకిన కాసేపటికే చల్లారుతుంది. గూనపెంకుటిల్లు కూడా అంతే, పెంకు మీద పెంకు, సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. కింద అడుగున్నర మందం మట్టి గోడలు. పొద్దటి వేడి ఆ గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రయితది, అప్పటికి తలుపులు తెరిచే ఉంటయి. భవంతి ఇండ్లల్లో నడుమ వాకిలి ఉండేది కదా, రాత్రి చల్లగాలి బరువుగా దాంట్లోకి దిగి చుట్టు గదులకు పాకేది. మన పెద్దలు థర్మామీటరు పెట్టి కట్టలేదు, కానీ కప్పు తేలిగ్గా, గోడ బరువుగా ఉండాలని తెలుసు. మనం దాన్ని తలకిందులు చేసినం, బరువు తీసుకపోయి కప్పు మీద పెట్టి గోడలు సన్నగ చేసుకున్నం.

ఇప్పటికే స్లాబు ఇల్లున్నవాళ్లు కూలగొట్టే పని లేదు. నేను ముందుగ చేసింది స్లాబు శుభ్రంగా కడిగి, తెల్ల సున్నం రెండు పూతలు వేయడం. తెలుపు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 2023-28 చెప్పేది కూడా ఇదే సంగతి. సున్నం పూత ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే ఫిబ్రవరి ఆఖరుకు వేసుకోవాలి. దుమ్ము పేరుకుంటే పని తగ్గుతుంది, నెలకోసారి ఊడ్చాలి. రెండోది నీడ. స్లాబు మీద ఏడడుగుల ఎత్తున వెదురు పందిరి వేసి బీర, ఆనిగెపు తీగలు పాకించిన. పందిరికీ స్లాబుకూ నడుమ గాలి ఆడాలి, అది ముఖ్యం. గ్రీన్ షేడ్ నెట్ తెచ్చి స్లాబు మీదనే పరిచినోళ్లను చూసిన, దానికన్నా వేయకున్నా ఒకటే. తీగలు మే నెలకు దట్టంగా కమ్మాలంటే జనవరిలోనే గింజ పెట్టాలి. మొదటి ఏడు నేను మార్చిలో పెట్టి ఎండకాలమంతా పుల్లలు చూసుకుంట కూర్చున్న.

కప్పు తర్వాత పడమటి గోడ. సాయంత్రం ఎండ వాలుగా వచ్చి నేరుగా ఆ గోడకు కొడుతుంది, ఛజ్జా ఎంత పొడుగున్నా ఆపలేదు. అందుకే కొత్తగా కట్టేవాళ్లు ఇంటిని తూర్పు పడమరలుగ పొడుగు పెట్టుకోవాలి. అప్పుడు పడమటి గోడ చిన్నగ వస్తుంది. పెద్ద కిటికీలు ఉత్తరం, దక్షిణం దిక్కు పెట్టాలి. దక్షిణం కిటికీకి రెండడుగుల ఛజ్జా ఉంటే ఎండకాలం ఎండ లోపలికి రాదు. చలికాలం సూర్యుడు దక్షిణం దిక్కు కిందికి దిగుతడు కాబట్టి అప్పుడు వెచ్చటి ఎండ లోపలికి వస్తుంది. పడమర దిక్కు స్నానాల గది, మెట్లు, సామాన్ల గది పెట్టుకుంటే వేడి అవి భరిస్తయి. వాస్తు అడ్డం వస్తదంటే పడమరన వేపో, కానుగో పెంచుకోండి. మర్రి, రావి ఇంటి దగ్గర వద్దు, వేర్లు పునాదిని పట్టుకుంటయి.

ఇక విత్తనాల గది. దీనికి మట్టి ఇటుకలు మేమే పోసినం. మన జిల్లాలో రేగడి, చెల్క రెండూ ఉన్నయి. రేగడి మట్టితో గోడ కట్టొద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. చెల్క ఎర్రమట్టి మంచిది. సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి ఒకరోజు కదపకుండ పెట్టండి. అడుగున ఇసుక, నడుమ ఒండ్రు, పైన బంక మట్టి పొరలుగా తేరుతయి. బంక మరీ ఎక్కువుంటే ఇసుక కలుపుకోవాలి. వరిగడ్డి చిన్న ముక్కలు చేసి మట్టిలో తొక్కి, వారం నానబెట్టి ఇటుక పోసినం. పునాది, దాని మీద రెండడుగుల వరకు గ్రానైటు రాయి కట్టినం, చెదలకూ వాన చిందులకూ అదే అడ్డుకట్ట. పైన డంగు సున్నం పూత, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి. మట్టి గోడకు సిమెంటు ప్లాస్టరు వేయనీయకండి. తేమ బయటికి పోయే దారి లేక రెండేండ్లల్ల పెచ్చులు పెచ్చులుగ ఊడుతుంది. మేస్త్రీ మాత్రం "సిమెంటు లేకుంటె పని నిలవది సారూ" అని మూడు రోజులు కొట్లాడిండు.

ఆయన మాట విననందుకు కాదుగాని ఇంకోచోట దెబ్బ తిన్న. చూరు ఒక్క అడుగే వదిలిన. ఆగస్టు ముసురుకు సున్నం ఇంకా గట్టిపడకముందే పడమటి గోడ ఒక మూల కరిగి కిందికి జారింది. మట్టి గోడకు చూరు తక్కువలో తక్కువ రెండున్నర అడుగులు ఉండాలి, పూత పని వానకాలానికి మూడు నెలల ముందే అయిపోవాలి. స్నానాల గదికి, నీళ్లు నిలిచే చోటుకు మట్టి అసలే వద్దు.

కోతుల వల్ల గూన మళ్లా పెట్టలేం. అందుకే లారీ బేకర్ కేరళలో పేరు తెచ్చిన ఫిల్లర్ స్లాబు వేసినం. స్లాబు కింది సగంలో లాగుడు బలాన్ని ఇనుమే మోస్తుంది, అక్కడి కాంక్రీటు చేసే పని తక్కువ. ఆ చోట బంగ్లా పెంకులు రెండు ఒకదానిమీద ఒకటి బోర్లించి పెడితే నడుమ గాలి చిక్కుకుంటుంది. కాంక్రీటు తగ్గుతుంది, వేడి దిగడం తగ్గుతుంది. ఇనుము లెక్క మాత్రం ఇంజనీరుతో గీయించుకోవాలి, అంచనాగా వేస్తే ప్రాణాల మీదికి వస్తది. ఇటుక గోడ కట్టేవాళ్లకు బేకర్ పద్ధతే ఇంకోటుంది, ఇటుకలను నిలువుగా పెట్టి నడుమ ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకలు దాదాపు నాలుగోవంతు మిగులుతయి.

ఇటుకలో గాలి అంటే మనకు కొత్త కాదు. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది, దాని విమానానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. అది బరువు తగ్గించడానికి చేసింది, చల్లదనానికి కాదు, కానీ బోలు ఇటుక వేడిని కూడా నెమ్మదిగానే పోనిస్తుంది. ఇప్పటి ముచ్చట చెప్పాలంటే ఐఐటీ హైదరాబాద్‌వాళ్లు వరిగడ్డి, పత్తికట్టె లాంటి పంట వ్యర్థాలను సున్నంతో కలిపి అచ్చుపోసి బయో బ్రిక్స్ చేసిండ్రు. 2021లో వాటితో క్యాంపస్‌లో ఒక సెక్యూరిటీ గది కట్టిండ్రు. ఆ ఇటుక బరువు మొయ్యదు, ఇనుప ఫ్రేము కావాలి. గోడకైనా, కప్పు మీద పరవడానికైనా పనికొస్తుంది. మన జిల్లాలో ప్రతి ఏడు కాలబెడుతున్న పత్తికట్టెను చూసినప్పుడల్లా నాకు ఆ గదే యాదికొస్తది. మా షెడ్డు వెనుక నేనూ చిన్న అచ్చు మొదలుపెట్టిన. ఇప్పటికి వచ్చినవి ముట్టుకుంటే రాలిపోతున్నయి, కుదిరినంక చూపిస్త.

ఇంత చేసినా అలవాటు మార్చుకోకపోతే దండుగ. పొద్దున ఎనిమిది కాంగనే కిటికీలు, తలుపులు మూసెయ్యాలి. మధ్యాహ్నం గాలి కోసం తెరిస్తే వచ్చేది వడగాలి. చీకటి పడ్డాక బయట చల్లబడ్డదని తెలిసినప్పుడు అన్నీ బార్లా తెరిచి, పైన వెంటిలేటర్లు కూడా తీసి రాత్రంతా వదిలెయ్యాలి. దోమల మెష్ అందుకే ముఖ్యం, అది లేకుంటే ఎవరూ తెరవరు. కూలరు, వట్టివేర్ల తడకలు మే నెల పొడిగాలికి బాగా పనిచేస్తయి, వాన మొదలైనంక ఉక్కపోత పెంచుతయి. అప్పుడు గాలి ఆడేటట్టు ఎదురెదురు కిటికీలు తెరవడమే దిక్కు.

ఖర్చు ఎంత అని అందరూ అడుగుతున్నరు. మట్టి ఇల్లు ఉట్టిగ రాదు. సిమెంటు, ఇనుము బిల్లు తగ్గుతుంది, కూలీ పెరుగుతుంది. సున్నం గానుగ ఆడించేవాళ్లు, డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టం. కానీ సున్నం పూత, పందిరి, కిటికీల టైం, ఈ మూటికి పెద్ద ఖర్చేం లేదు, ఈ ఎండకాలమే మొదలుపెట్టుకోవచ్చు.

పోయిన జూన్‌లో కొత్త గదిలోని నవార నూరు గింజలకు 88 మొలిచినయి. పందిరి వేసినంక మా ఇంట్ల రాత్రి నిద్ర పడుతోంది. బాపమ్మను లోపలికి రమ్మంటే ఒక రాత్రి పడుకొని చూసింది, "మంచిగనే ఉంది" అన్నది. తెల్లారి మళ్లా మంచం కొట్టంలకే పోయింది.