పెట్టెలో ఉన్నది సింధువీరేనా?



మన తాతముత్తాతలు కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగూన్ చేరారు. 2020లో ఒక జలాంతర్గామి కూడా అలాగే సముద్రం దాటింది. 1988లో భారత నౌకాదళంలో చేరిన సింధువీర్, విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతులయ్యాక బర్మా నౌకాదళానికి వెళ్ళి 'మిన్యే తెయిన్‌ఖతు' అయింది.

దాని ప్లాస్టిక్ నమూనాను పిల్లల చేత చేయించాలంటే, పెట్టె మీద 'కిలో క్లాస్' అని ఉంటే చాలదు. కిలోల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. సింధువీర్ పాతదైన 877 రకం, పొడవు 72.6 మీటర్లు. తర్వాత వచ్చిన 636 రకం 73.8 మీటర్లు.

కిట్ 1/350 స్కేలుదైతే అసలు పొడవును 350తో భాగించండి. మొదటిది 20.7 సెంటీమీటర్లు, రెండోది 21.1 వస్తుంది. తేడా 3.4 మిల్లీమీటర్లే! అందుకే జిగురు పెట్టకముందే ముక్కలు జతచేసి కొలవండి. తర్వాత ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. 877కు ఆరు, 636కు ఏడు.

ఇంత చిన్న తేడాకి అంత పట్టింపెందుకు అంటారా? ఏడు రెక్కలుంటే అది వేరే ఓడ. "ఇదే మన విశాఖలో బాగుపడి ఇక్కడికొచ్చింది" అని పిల్లలకు చెప్పేటప్పుడు, ఆ మాట నిజం కావాలి కదండీ.