స్పోర్ట్సు కారుకు కొత్త టైర్లు: కొనే ముందు చూడవలసినవి

మా వంటి గుమాస్తాల ఇండ్లలో స్పోర్ట్సు కారు ప్రసక్తి ఏమిటని పాఠకులు నవ్వవచ్చు. కాని కాలం మారింది. చెన్నైలో, బెంగుళూరులో, కోయంబత్తూరులో, పుణేలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు మంచి ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో కొందరు ముచ్చటపడి వేగం గల కార్లు కొంటున్నారు. కొత్తదానికి స్తోమతు లేనివారు పాతదైనా సంపాదిస్తున్నారు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి టైర్లు అరుగుతాయి. అప్పుడు ఇంట్లో చర్చ మొదలవుతుంది. అబ్బాయి పందెపు టైర్లు కావాలంటాడు. తండ్రి చవకవి చాలునంటాడు. తల్లి మాత్రం, "వానలో జారనివి ఏవో అవి వేయించండి" అంటుంది. ముగ్గురిలో తల్లి మాటే శాస్త్రానికి దగ్గరగా ఉన్నదని మా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాము.

అరచేయంత చోటు

మన పెద్దలు బండి చక్రానికి ఇనుప పట్టా వేయించేవారు. పట్టాను నిప్పులో కాల్చి, కొయ్య చక్రం మీదికి ఎక్కించి, నీళ్లు పోస్తే అది బిగుసుకునేది. ఎద్దుల నడకకు అది చాలు. మోటారు వేగానికి చాలదు. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్న తరువాత చక్రానికి, నేలకు మధ్య రబ్బరు, గాలి వచ్చి చేరాయి.

ఇంత పెద్ద టైరులో నేలను తాకే భాగం ఎంతో తెలుసునా? ఒక్కొక్క చక్రానికి సుమారు అరచేయంత. పన్నెండు వందల కిలోల కారు నాలుగు అరచేతుల మీద నిలబడి పరుగెత్తుతుందన్న మాట. ఇంజనుకు ఎన్ని గుర్రాల బలం ఉన్నా, బ్రేకులు ఎంత గొప్పవైనా, ఆ బలమంతా ఈ నాలుగు చోట్ల ద్వారానే నేలకు అందాలి. లక్షలు పోసి కారు కొని, ఈ నాలుగు అరచేతుల దగ్గర పొదుపు చేయడం తెలివైన పని కాదు.

"వేసవి టైరు" అంటే ఏమి?

ఈ పేరు మంచు కురిసే దేశాలలో పుట్టింది. వేసవి టైరులోని రబ్బరు వెచ్చదనంలో బాగా పనిచేస్తుంది. వాతావరణం సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడు కన్న తగ్గితే అది గట్టిపడి పట్టు కోల్పోతుంది. అందుకనే ఆ దేశాలలో చలికాలానికి వేరే టైర్లు వేస్తారు. జర్మనీలో మంచు, గడ్డ కట్టిన రోడ్ల మీద చలికాలపు టైర్లు లేకుండా నడపరాదని చట్టమే ఉన్నది.

మన మైదాన ప్రాంతాలలో ఆ బెడద లేదు గనుక వేసవి టైర్లు ఏడాది పొడుగునా పనికివస్తాయి. పేరు వేసవిదైనా అవి వానకు కూడా ఉద్దేశించినవే. అయితే అమెరికాలో ఉన్న మన పిల్లలు చికాగో, న్యూజెర్సీ వంటి చోట్ల ఇవే టైర్లతో డిసెంబరులో బయలుదేరరాదు. గడ్డకట్టే చలిలో కొన్ని జాతుల వేసవి టైర్ల రబ్బరు పగిలే ప్రమాదం కూడా ఉన్నది. ఈ సంగతి ఉత్తరంలోనో ఫోనులోనో వారికి గుర్తు చేయడం మంచిది.

టైరు పక్కన అంకెలు

టైరు పక్కగోడ మీద ఉన్న అంకెలు చదవడం పంచాంగం చూడడం కన్న సులువు. ఒక నిజమైన కారునే తీసుకుందాం. 2012లో బజారుకు వచ్చిన టొయోటా 86 అనే స్పోర్ట్సు కారుకు 215/45 ఆర్ 17 కొలత టైర్లు వచ్చేవి. 215 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 45 వంతులు, అనగా సుమారు 97 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ కట్టుబడి. 17 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాలలో. అన్నీ కలిపితే చక్రం మొత్తం ఎత్తు సుమారు 625 మిల్లీమీటర్లు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "ఇంకొంచెం వెడల్పు వేయిస్తే పట్టు పెరుగుతుంది గదా" అని 225/45 వేయిస్తే ఎత్తు 634 అవుతుంది. స్పీడోమీటరు వేగాన్ని నూటికి దాదాపు ఒకటిన్నర తక్కువగా చూపడం మొదలుపెడుతుంది. లోపలి రేకుకు తగులుతుందేమో కూడా చూడవలెను. పైగా టైరు వెడల్పు పెరిగిన కొద్దీ నిలిచిన నీటి మీద తేలే స్వభావం పెరుగుతుంది. అందం కోసం 215/40 వేస్తే పక్కగోడ దాదాపు ఒక సెంటిమీటరు తగ్గుతుంది. మన ఊళ్ల గుంతలలో ఆ సెంటిమీటరే రిమ్మును కాపాడేది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్లు కాకూడదంటే, కారు తయారుచేసినవారు చెప్పిన కొలతనే పట్టుకోవడం మేలు. ఆ కొలత, గాలి లెక్క సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉంటాయి.

కొలత తరువాత ఇంకొక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 87 అంటే ఒక్క టైరు మోయగల బరువు 545 కిలోలు. 91 అంటే 615. అక్షరం వేగానిది: హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి అంటే 240, డబ్ల్యు 270, వై 300. ఆ వేగంతో పొమ్మని దాని అర్థం కాదు. అంత వేడిని, ఒత్తిడిని తట్టుకునే కట్టుబడి అని అర్థం. కారుకు మొదట వచ్చినదాని కన్న తక్కువ అంకె గాని, తక్కువ అక్షరం గాని ఎన్నటికీ వేయించకూడదు.

మూడు తరగతులు

వేసవి టైర్లలో స్థూలంగా మూడు తరగతులు ఉన్నాయి. మొదటిది సుఖప్రయాణానికి: చప్పుడు తక్కువ, మన్నిక ఎక్కువ, పట్టు మధ్యస్థం. రెండవది వీధిలో నడిచే స్పోర్ట్సు కార్లకు: పొడిలోను, తడిలోను గట్టి పట్టు, త్వరగా మలుపు తిరిగే గుణం, కొంచెం త్వరగా అరుగుదల. మిషెలిన్ పైలట్ స్పోర్ట్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా వంటి వరుసలలో ఇటువంటివి దొరుకుతాయి. మూడవది దాదాపు పందెపు టైరు: గాడులు తక్కువ, రబ్బరు మెత్తన. వేడెక్కితేనే దాని పూర్తి గుణం బయటపడుతుంది. ఆఫీసుకు వెళ్లే ట్రాఫికులో అది కావలసినంత వేడెక్కదు. పెద్ద వానలో నీటిని తోసివేసే గాడులు చాలవు. ధర ఎక్కువ, ఆయుష్షు తక్కువ.

పైన చెప్పిన టొయోటా 86కు కంపెనీవారు ఏ టైర్లు ఇచ్చారో తెలిస్తే కుర్రవాళ్లు ఆశ్చర్యపోతారు. మొదటి తరగతికి చెందిన మిషెలిన్ ప్రైమసీ. పెట్రోలు పొదుపుకు పేరుపడిన ప్రియస్ కారుకు కూడా అదే రకం వేసేవారు. మితమైన వేగంలోనే కారు తీరు నడిపేవాడి చేతికి తెలియాలని, నడపడంలో ఆనందం కలగాలని వారు కావాలనే అలా ఎంచుకున్నారు. స్పోర్ట్సు కారు అనగానే బజారులో ఉన్న అన్నిటికన్న జిగటైన టైరు వేయవలెనన్న నియమం లేదని దీనివల్ల తెలుస్తుంది. వీధిలో మాత్రమే తిరిగే కారుకు మొదటి తరగతిలో మేలైనవి, లేదా రెండవ తరగతివి చాలును.

టైరు మీద కనిపించే "ట్రెడ్‌వేర్" అంకె అమెరికా పద్ధతిది. అంకె పెద్దదైతే మన్నిక ఎక్కువ. 200, అంతకు తక్కువ ఉంటే చాలా మెత్తని రబ్బరని గ్రహించవచ్చు. ఏ కంపెనీకి ఆ కంపెనీయే ఈ అంకె వేసుకుంటుంది గనుక ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి ఇది పనికివస్తుంది గాని, రెండు కంపెనీల మధ్య తీర్పు చెప్పదు. ఐరోపా చీటీ ఉంటే తడి పట్టు గడి చూడండి. అందులో ఏ అత్యుత్తమం, ఇ అధమం. మన కేంద్రప్రభుత్వం కూడా 2022లో తడి పట్టుకు, దొర్లేటప్పటి నిరోధానికి, చప్పుడుకు ప్రమాణాలు నిర్ణయించింది.

వానలో అసలు పరీక్ష

రోడ్డు మీద నీరు నిలిచినప్పుడు టైరు గాడులు ఆ నీటిని పక్కకు తోసివేయాలి. తోయలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. కొత్త టైరులో గాడి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు. మన చట్టం ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడుల అడుగున ఆ ఎత్తులో చిన్న దిమ్మలు ఉంటాయి. రబ్బరు వాటితో సమానమయిందంటే టైరు పని అయిపోయింది. కాని అంతవరకు ఆగకండి. 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే వానలో ఆగే దూరం బాగా పెరుగుతుంది. చెన్నై పరిసరాలవారు అక్టోబరు వానలకు ముందే లోతు కొలిపించుకోవడం మంచిది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు.

డబ్బు చాలక రెండే కొనవలసి వస్తే కొత్తవి ఏ పక్క వేయాలి? ఇంజను ముందున్నది గనుక ముందు పక్కనే అని చాలామంది అంటారు. టైరు కంపెనీలు చెప్పేది వేరు: వెనక్కి వేయాలి. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగక నేరుగా పోతుంది. యాక్సిలరేటరు వదిలితే చాలావరకు మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనుక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది. దానిని సరిచేయడం మామూలు డ్రైవరు వల్ల అయ్యే పని కాదు. నాలుగూ ఒకే రకం, ఒకేసారి మార్చడం అన్నిటికన్న ఉత్తమం.

దుకాణంలో

ఈ మధ్య మా సంఘ సభ్యులొకరి కుమారునితో టైర్ల దుకాణానికి వెళ్లాము. ధర బాగా తగ్గించి ఇస్తామన్నారు. టైరు పక్కన డాట్ గుర్తు దగ్గరి నాలుగు అంకెలు చూస్తే అది మూడేళ్ల నాటి సరుకు. 3524 అని ఉంటే 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. అడిగితే వారే లోపలినుండి కొత్త సరుకు తెచ్చారు. కనుక నాలుగు టైర్ల మీదా ఆ అంకెలు, ఐ.ఎస్.ఐ. ముద్ర చూసి గాని డబ్బు చెల్లించకండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. అయిదేళ్లు దాటితే ఏటేటా పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే చూడడానికి బాగున్నా తీసివేయాలని కంపెనీలే చెబుతున్నవి. పైన పటారం లోన లొటారం అన్నది పాత టైర్లకు సరిగ్గా వర్తిస్తుంది.

కొన్ని టైర్ల మీద "అవుట్‌సైడ్" అని ఉంటుంది. ఆ వైపు బయటకే రావాలి. కొన్నిటి మీద తిరిగే దిక్కు బాణం ఉంటుంది. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు తప్పక చేయించండి. అలైన్‌మెంటు చెడితే ఖరీదైన టైరు ఒక అంచున అరిగిపోతుంది. కొత్త రబ్బరు పైపొర నునుపు పోయేవరకు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నిదానంగా నడపాలి. గాలి నెలకు రెండుసార్లయినా, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. గాలి తక్కువైతే పక్కగోడ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. మే నెల హైవే మీద టైరు పేలడానికి అదొక ముఖ్య కారణం. పక్కగోడ మీద ఉబ్బు కనబడితే లోపలి దారాలు తెగాయన్న మాట. దానికి పంక్చరు అతుకు లేదు; మార్చవలసిందే.

వేగానికి తగిన చోటు

మన పిల్లలకు వేగం మీద మోజు ఉండడం తప్పు కాదు. మన వాళ్లకు మోటారు కొత్త కాదు. కోయంబత్తూరు జి. డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నడిపారు. అదే ఊరి ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజనుతో పందెపు కార్లు తయారుచేసి, ఎందరో కుర్రవాళ్లకు పందెం అందుబాటులోకి తెచ్చారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలోని కారి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదనే ఉన్నది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఇంకొక ట్రాకు ఉన్నది. పందెపు టైర్లు వేసుకోదలచినవారు వాటిని వేరే రిమ్ములకు ఎక్కించి, అక్కడికి తీసుకొనిపోయి, హెల్మెట్టు పెట్టుకొని ముచ్చట తీర్చుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు వీధి టైర్లు వేసుకొని రావాలి. వీధిలో ఇతరుల పిల్లలు కూడా నడుస్తుంటారు.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. అబ్బాయి గాని అమ్మాయి గాని టైర్ల మాట ఎత్తినప్పుడు "దండగ ఖర్చు" అని కసరకండి. పక్కన కూర్చుండబెట్టుకొని కొలత, తేదీ, తడి పట్టు, ఈ మూడూ కలిసి చూడండి. డబ్బు చాలకపోతే పెద్ద రిమ్ములు, రంగుల దీపాలు మానుకోమనండి. టైర్లకు తగ్గిన నాలుగు వేలు మీరే సర్దండి.