మురుగునీటికి మొక్కల మడి

ములుగు జిల్లాలోని మేడారము 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండెను. రెండేండ్లకొకసారి మాఘమాసమున అచ్చట నాలుగు దినములు జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకు కోటిమందికి పైగా వచ్చుదురని అంచనా. వారిలో అధికులు జంపన్నవాగులో స్నానము చేసియే గద్దెలకు పోవుదురు. నాలుగవనాడు తల్లుల వనప్రవేశమగును. భక్తులు ఇండ్లకు మరలుదురు. మిగులునవి ఊరును, వాగును.

అట్టి వాగును మొక్కలతో శుభ్రపరచవచ్చునా? కొంతమేరకు వచ్చును. ఆ మేర యెంతయో పంచాయతీ సభ్యులు ముందుగా ఎరిగియుండుట మంచిది.

మొక్కలే మురుగును త్రాగి నీటిని తేటపరచునని పలువురు తలంతురు. అది సగము నిజము. పనిలో పెద్దపాలు వేళ్ళను, కంకరరాళ్ళను అంటిపెట్టుకొని జీవించు సూక్ష్మజీవులది. నీటిలోని మెతుకులను, సబ్బును, జిడ్డును అవి తిని విడగొట్టును. జమ్ము, తుంగ వంటి మొక్కల కాడలలో గాలి దారులుండును. ఆ త్రోవను ప్రాణవాయువు వేళ్ళకు దిగి ఆ జీవులకును కొంత అందును. మురుగులోని నత్రజనిని, భాస్వరమును మొక్క ఎరువుగా గ్రహించి పెరుగును.

ఊరి వాడుకనీరు వాగులో కలియుటకు ముందే ఈ మడి నేర్పరచవలెను. మొదట మూతగల తొట్టిలో నీరు నిలువవలెను; మట్టి అడుగునకు దిగును, జిడ్డు పైకి తేలును. అచ్చటినుండి నీరు రెండడుగుల లోతున కంకర నింపిన మడిలోనికి పారును. అడుగున బంకమట్టి దిమ్మిస చేయవలెను, లేదా సిమెంటు పూయవలెను. లేనిచో మురుగు బావులకు దిగును. కంకరలో జమ్ము, మెట్టతామర, వట్టివేరు నాటవచ్చును. నీటిమట్టము కంకరకు రెండు మూడంగుళములు క్రిందనే యుండవలెను. నీరు పైకి కనబడనిచో దోమ గ్రుడ్లు పెట్టుటకు తావుండదు. రెండు మూడు దినములైనను మడిలో నిలిచిన పిమ్మటనే నీరు వెలికి రావలెను. ఆ నీరు చెట్లకు పనికివచ్చును గాని, రోగక్రిములు పూర్తిగా నశింపవు కనుక త్రాగుటకు పనికిరాదు.

మనిషికి 1 నుండి 2 చదరపు మీటర్ల మడి కావలెనని సాధారణపు లెక్క. వేయిమంది గల ఊరికి పావెకరము మొదలు అరయెకరము వరకు చాలును. ఇదే లెక్క జాతరకు వేసి చూడుడు: మనిషికి ఒక్క మీటరే యనుకొన్నను, కోటిమందికి 1,000 హెక్టారులు, అనగా దాదాపు 2,500 ఎకరములు! అడవి కొట్టక అంత నేల దొరకదు. కొట్టినను, నాలుగు దినముల మురుగుకొఱకు ఆ మడులను రెండేండ్లు పోషింపలేము. కావున జాతర మురుగునకు మరుగుదొడ్లు, ట్యాంకర్లు, స్నానఘట్టముల పారిశుధ్యము తప్పవు. మొక్కల మడి తక్కిన దినములలో ఊరివారి వాడుకనీటికే. జాతరనాళ్ళలో మురుగు వెల్లువై వచ్చి మడిని పూడ్చకుండ, దానిని వేరొక గుంటకు మళ్ళించు తలుపును ముందే అమర్చవలెను.

నీటిపై తేలు తెప్పలమీద మొక్కలు పెంచు పద్ధతియు గలదు. 2018లో హైదరాబాదులోని నెక్నాంపూరు చెరువులో వట్టివేరు, మెట్టతామర, జమ్ము మొదలగు మొక్కలతో అట్టి తెప్పను వదలిరి. నిలిచిన చెరువునకు సరిపడు ఈ పద్ధతి వానకాలపు వాగు ఉరవడికి నిలువదు. గుఱ్ఱపుడెక్కయు మురుగును పీల్చును గదా యని దానిని నీట విడుచుట మాత్రము ప్రమాదము. నీటినంతయు క్రమ్మి, కుళ్ళినప్పుడు పీల్చినదంతయు తిరిగి నీటికే యిచ్చును.

కర్మాగారముల విషలోహముల సంగతి వేరు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక జాతి ఫెర్ను నేలలోని ఆర్సెనికును ఆకులలోనికి లాగుకొనునని 2001లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నేల బాగుపడును, ఆకు విషమగును. అట్టిచోట కోసిన మొక్కను పశువుల ముందు వేయరాదు, ఎరువుగుంతలోను కలుపరాదు. ఊరి వాడుకనీటి మడిలోని జమ్ము మాత్రము ఎరువునకు నిరపాయము.

2020లో ఆరంభమైన స్వచ్ఛభారత్ గ్రామీణ రెండవ దశలో వాడుకనీటి పనులు చేర్చబడినవి. గ్రామసభ తీర్మానములో మడి త్రవ్వుటకగు సొమ్ముతోపాటు, ఏటేట జమ్ము కోయువారెవరో, తొట్టిలో బురద తీయువారెవరో, వారి కూలి ఏ పద్దు క్రింద చెల్లించవలెనో కూడ వ్రాసికొనవలెను.