బడి పిల్లల విదేశీ ప్రయాణం: ఆ కాగితంలో నిజం రాయండి

"మా పాపను బడివాళ్లు సింగపూర్ తీసుకువెళ్తామంటున్నారు డాక్టరుగారూ, ఏ సూదులు వేయించాలి?" అని అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు కూడా కనిపిస్తున్నారు. ఒకప్పుడు మన పిల్లలకు విహారయాత్ర అంటే నాగార్జునసాగర్, ఎత్తిపోతల, అమరావతి. పొద్దున్నే పులిహోర మూట కట్టుకొని బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరేవారు. ఇప్పుడు నోటీసు కాగితం మీద సింగపూర్, మలేషియా, దుబాయ్, శ్రీలంక, నేపాల్ పేర్లుంటున్నాయి.

సూదుల సంగతి తరువాత చెప్పుకుందాం. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. బడివాళ్లు నింపమని ఇచ్చిన ఆరోగ్య వివరాల కాగితంలో మీరు ఏం రాశారు?

విదేశీ ప్రయాణం డబ్బున్నవాళ్ల పిల్లలకే అనుకోనక్కరలేదు. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు 10 మంది అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం చూసి వచ్చారు. అంతకు ముందు 2014 మే 25న ఉమ్మడి రాష్ట్ర సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి 16 ఏళ్లు ఉండాలన్న నియమం ఉండడంతో టిబెట్ వైపు నుంచి వెళ్లారు.

ఎవరెస్టు కథ మనకెందుకు అనవచ్చు. పిల్లలను దూరదేశం పంపేటప్పుడు పెద్దలు ఏం చేయాలో దానిలో ఉంది. భువనగిరి కొండ మీద శిక్షణ మొదలుపెట్టినప్పుడు పిల్లలు నూటికి పైగా ఉన్నారు. వారిలో 20 మందిని డార్జిలింగ్ పంపారు. తరువాత లడఖ్ చలిలో పరీక్షించడానికి 9 మందిని తీసుకువెళ్లారు. చివరికి శిఖరానికి బయలుదేరింది ఇద్దరు. ఎవరి శరీరం ఎంత తట్టుకుంటుందో ముందే చూశారు, చూసినదాన్ని బట్టే నిర్ణయించారు. సింగపూర్ వెళ్లడానికి అంత అక్కరలేదు కాని, పిల్ల ఒంట్లో ఏముందో తీసుకువెళ్లేవారికి తెలియడం మాత్రం ఎక్కడికి వెళ్లినా అవసరమే.

చిక్కు అక్కడే వస్తోంది. "ఏమైనా జబ్బులున్నాయా?" అన్న గడిలో చాలామంది "లేవు" అని రాసి సంతకం పెట్టేస్తారు. ఉబ్బసం ఉన్నా, చిన్నప్పుడు ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ అయినా, రాత్రి పక్క తడిపే అలవాటున్నా అదే మాట. అన్నిటికంటే ఎక్కువగా దాచేది ఫిట్స్. రాస్తే పేరు తీసేస్తారని ఒక భయం. ఆడపిల్ల అయితే ఆ మాట నలుగురి నోట్లో పడి రేపు సంబంధాలకు అడ్డొస్తుందని ఇంకో భయం. ఈ భయాలను తేలికగా తీసిపారేయలేం. మన ఊళ్లలో అవి ఉత్తుత్తి భయాలు కావు.

అయితే దాచితే జరిగేదేమిటో కూడా చూడండి. ఫిట్స్‌కు మాత్రలు వాడే పిల్లకు రెండు విషయాలు ముఖ్యంగా పడవు. ఒకటి మాత్ర తప్పిపోవడం, రెండోది నిద్ర లేకపోవడం. విదేశీ ప్రయాణంలో మొదటి రాత్రే ఈ రెండూ కలిసి వస్తాయి. సాయంత్రం దాచేపల్లిలో బస్సెక్కుతారు. పొందుగల వంతెన దాటి, మిర్యాలగూడ, నార్కెట్‌పల్లి మీదుగా శంషాబాద్ చేరేసరికి బాగా రాత్రవుతుంది. విమానం కంటే మూడు గంటలు ముందుండాలి. విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున బయలుదేరుతాయి. పిల్లలు కబుర్లతో కన్ను మూయరు. రాత్రి మాత్ర పెద్ద సంచిలో ఉంటుంది, ఆ సంచి విమానం పొట్టలోకి వెళ్లిపోయి ఉంటుంది. ఎవరికీ తెలియకూడదని అమ్మ చెప్పింది కాబట్టి పిల్ల నోరు విప్పదు. తెల్లవారి పరాయి దేశంలో ఫిట్స్ వస్తే వెంట ఉన్న టీచరుకు అది ఏమిటో, ఏ మందు వాడుతున్నదో తెలియదు.

అదే టీచరుకు తెలిసి ఉంటే మాత్ర చేతిసంచిలో ఉంటుంది, రాత్రి ఎనిమిదికి దారిలోనే వేయిస్తుంది. ఒకవేళ ఫిట్స్ వచ్చినా పిల్లను పక్కకు తిప్పి పడుకోబెడుతుంది, నోట్లో చెంచాలు, చేతిలో తాళాలు పెట్టదు, గడియారం చూస్తుంది. 5 నిమిషాలు దాటితే అంబులెన్సు పిలుస్తుంది. ఫిట్స్ అదుపులో ఉన్న పిల్లలు ఎక్కువమంది డాక్టరు సలహాతో విమానం ఎక్కవచ్చు.

ఇక్కడ బడివాళ్లకూ ఒక మాట చెప్పాలి. నిజం రాసిన పిల్ల పేరు కొట్టేస్తే వచ్చే సంవత్సరం ఒక్కరూ నిజం రాయరు. ఆ కాగితాలు తరగతి గదిలో చేతులు మారకూడదు. కవరులో పెట్టి అంటించి ఇమ్మనండి. వెంట వెళ్లే టీచర్లలో ఒకరికి ఆ బాధ్యత అప్పగించండి, ఆడపిల్లలుంటే ఒక టీచరమ్మ తప్పనిసరి. అనుమానం ఉన్నచోట పిల్లను చూసే డాక్టరు చేత "ప్రయాణించవచ్చు" అని రాయించుకోండి. ఈ పని రెండు నెలల ముందు చేయాలి. వారం ముందు చేస్తే మందు మార్చడానికైనా సమయం ఉండదు.

దాచినందువల్ల డబ్బు చిక్కు కూడా ఉంది. ప్రయాణ బీమా దరఖాస్తులో పాత జబ్బు చెప్పకపోతే, ఆ జబ్బుతోనే అక్కడ ఆసుపత్రిలో చేరినప్పుడు కంపెనీ డబ్బు ఇవ్వనని చెప్పవచ్చు. సింగపూర్‌లోనో అమెరికాలోనో ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చు మిర్చి రైతు కుటుంబం మోయగలిగింది కాదు. ఇంకొకటి. 18 ఏళ్లు నిండని పిల్లలకు ఆపరేషన్ వంటిది అవసరమైతే ఆసుపత్రివాళ్లు తల్లిదండ్రుల అనుమతి అడుగుతారు. అత్యవసరమైతే చికిత్స చేయించడానికి ఫలానా టీచరుకు అధికారం ఇస్తున్నామని తల్లి, తండ్రి ఇద్దరూ ఇంగ్లీషులో సంతకం చేసిన ఉత్తరం టీచరు దగ్గర ఉండాలి.

మందులు చేతిసంచిలోనే పెట్టండి. ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యం, విమానం అడుగున సామాన్లలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదముంది. మాత్రలు అట్ట నుంచి చింపకుండా, డాక్టరు చీటీతో కలిపి ఉంచాలి. మన మందుల షాపులో మామూలుగా దొరికే కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది. అది, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు దుబాయ్‌లోనూ సింగపూర్‌లోనూ ముందు అనుమతి లేనిదే తీసుకుపోకూడదు. తల్లులు ప్రేమతో కట్టే పొట్లాల్లో గసగసాలు, గసగసాలు కలిసిన మసాలా లేకుండా చూసుకోండి. మనకు అది కూరలో వేసే దినుసు. దుబాయ్‌లో నిషిద్ధ వస్తువు, సింగపూర్‌లోనూ అంతే పట్టింపు. కారప్పొడి, జంతికలతో సరిపెట్టండి.

ఇక సూదులు. చిన్నప్పటి టీకాల కార్డు వెతికి తీసి, తప్పిపోయినవి వేయించడమే మొదటి పని. టైఫాయిడ్ టీకా బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. సింగపూర్, మలేషియాలకు మన దేశం నుంచి నేరుగా వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకా అక్కరలేదు. కెన్యా వంటి ఆఫ్రికా దేశాలకు వెళ్తే మాత్రం కావాలి. వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల దాకా వేరుగా ఉంచవచ్చు. ఈ టీకా అన్నిచోట్లా వేయరు, హైదరాబాద్ నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు.

అయితే ప్రయాణంలో పిల్లల ప్రాణం తీసేది ఎక్కువగా టీకాలున్న జబ్బులు కాదు, రోడ్డు, నీళ్లు. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటుండగా పైనున్న లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. సాగర్ గేట్లు ఎత్తితే కృష్ణ ఎలా వస్తుందో మన పిల్లలకు తెలుసు. పరాయి నది అలవాటు ఎవరు చెబుతారు? అక్కడి మనిషి ఒకరు వెంట లేకుండా ఏ నీళ్లలోకీ దింపకూడదు, హోటల్ ఈతకొలనులోకి కూడా. నేపాల్ వంటి చలిచోట్ల మరో అపాయం ఉంది. 2020 జనవరిలో అక్కడి దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన 8 మంది, పిల్లలతో సహా, తలుపులు మూసుకొని గ్యాస్ హీటరు పెట్టుకొని పడుకొని ఊపిరాడక చనిపోయారు. పడుకునే గదిలో గ్యాస్ హీటరు వద్దు.

రోడ్డు అపాయం విదేశంలోనే మొదలవదు. నన్నడిగితే మొత్తం ప్రయాణంలో ఎక్కువ జాగ్రత్త కావలసింది మన అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద రాత్రిపూట. అందులోనూ తిరుగు ప్రయాణం. పిల్లలూ టీచర్లూ అలసి నిద్రపోతారు, శంషాబాద్‌లో గంటల తరబడి ఎదురు చూసిన డ్రైవరూ అలసే ఉంటాడు. ఇద్దరు డ్రైవర్లను పెట్టండి, లేదా తెల్లవారేదాకా అక్కడే ఆగి బయలుదేరండి.

అంబులెన్సు నంబరు ప్రతి పిల్ల మెడలోని కార్డు వెనక రాయాలి. సింగపూర్‌లో 995, మలేషియాలో 999, దుబాయ్‌లో 998, నేపాల్‌లో 102. శ్రీలంకలో 1990. ఆ శ్రీలంక సేవ 2016లో మన దేశం ఇచ్చిన సాయంతో, హైదరాబాద్‌లో 108ని మొదలుపెట్టిన సంస్థ చేతుల మీదుగానే ప్రారంభమైంది. కార్డు మీద రక్తం గ్రూపు, పడని మందు పేరు కూడా ఉండాలి.

ఆడపిల్లలకు ప్రయాణంలో నెలసరి తేదీ ముందుకో వెనక్కో జరగవచ్చు. తేదీ కాదులే అని ప్యాడ్లు లేకుండా పంపకండి. చిన్నప్పటి నుంచి పల్నాడు ఎండలో పెరిగిన పిల్లలు నేపాల్‌లో ముక్తినాథ్ వంటి ఎత్తైన చోట్లకు వెళ్తే రెండు మూడు రాత్రులు కిందిచోట్ల ఆగుతూ పోవాలి. తలనొప్పితో వాంతులు మొదలైతే మాత్ర వేసి పైకి తీసుకుపోవడం కాదు, కిందికి దించాలి.

తిరిగి వచ్చాక రెండు వారాల లోపు జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లగానే ఏ దేశం వెళ్లి వచ్చారో మొదటే చెప్పండి. సింగపూర్, మలేషియాల్లోనూ డెంగీ ఉంది, ఆ దోమ పగలే కుడుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చినవారికైతే మలేరియా కొన్ని నెలల తరువాత కూడా బయటపడవచ్చు.